మీటరు పెట్టకుండా పార్టు మార్చొద్దు

(ఒక ఆదివారం ఉదయం సనత్‌నగర్‌లోని ఒక షెడ్డులో, పాత లగ్జరీ ఎస్‌యూవీల యజమానుల ముందు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల ముందు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు కొంచెం ముందుకు రండి, బల్ల మీద ఉన్నవి అందరికీ కనపడాలి. ఎక్కువేం లేవు. ఒక మల్టీమీటరు, ఒక కొలత టేపు, సబ్బునీళ్ల సీసా, ఒక పాత ఎర్త్ పట్టీ. ఈ పూట నేను చెప్పేది చాలావరకు వీటితోనే చెబుతాను.

మన ఊళ్లో పదేళ్లు, పన్నెండేళ్లు దాటిన పెద్ద ఎస్‌యూవీలు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. ఢిల్లీ దానికి ఒక కారణం. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. దాంతో అక్కడి బళ్లు ఎన్‌ఓసీ కాగితాలు పట్టుకుని మిగతా రాష్ట్రాలకు బయలుదేరాయి. కొత్తలో డెబ్బై లక్షలు పలికిన బండి ఇప్పుడు కొత్త చిన్న కారు ధరకు దొరుకుతోంది. కొన్నవాళ్లను నేను తప్పు పట్టను. ఓఆర్ఆర్ మీద ఆ బండి పోయే తీరు వేరు, అది నాకూ ఇష్టమే. కానీ బండి ధర తగ్గింది గానీ దాని సామాన్ల ధర తగ్గలేదు. పాత అంబాసిడర్‌లో ప్లగ్గు మార్చి చూద్దాం, పాయింట్లు మార్చి చూద్దాం అంటే వందల్లో పోయేది. ఈ బళ్లలో 'మార్చి చూద్దాం' అన్నామంటే లక్ష లేస్తుంది. ఆ లక్ష పెట్టాక కూడా మీటరు బోర్డు మీద ఫాల్ట్ లైటు ఆరకపోతే ఆ ఇంట్లో ఎంత గొడవ అవుతుందో నేను చాలాసార్లు చూశాను.

నాకు పని నేర్పిన ఉస్తాద్ దగ్గర ఒక టెస్ట్ ల్యాంపు తప్ప ఏమీ ఉండేది కాదు. బండి రాగానే మేం పానా కోసం చెయ్యి చాపేవాళ్లం. ఆయన పానాల సంచి తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. "ఏం చూశావ్? ఏం కొలిచావ్?" అని అడిగేవాడు. జవాబు చెబితేనే పానా ఇచ్చేవాడు. ఇప్పటికీ నా షెడ్డులో అదే పద్ధతి నడుస్తోంది.

పోయిన ఏడాది ఒక డాక్టరమ్మ బండి వచ్చింది. పన్నెండేళ్ల బండి. పొద్దున డ్యూటీకి బయలుదేరబోతే మీటరు బోర్డంతా లైట్లు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు, సస్పెన్షన్ ఫాల్ట్, గేర్‌బాక్స్ ఫాల్ట్, అన్నీ ఒకేసారి. అప్పటికే ఒకచోట గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్, అంటే దాన్ని నడిపే చిన్న కంప్యూటరు, పోయిందని ఎస్టిమేట్ రాసిచ్చారు. ఆ కాగితం నా చేతిలో పెట్టి "అన్నా, ఇది నిజమేనా?" అని అడిగింది.

మీరే ఆలోచించండి. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, టీవీ ఒకేసారి ఆగిపోతే ముగ్గురు మెకానిక్‌లను పిలుస్తామా? ముందు మెయిన్ చూస్తాం. బండిలోనూ అంతే. సంబంధం లేని నాలుగు యూనిట్లు ఒక్క రాత్రిలో పోవు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? బ్యాటరీ, కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే ఎర్త్ దారి, యూనిట్ల మధ్య మాటలు నడిచే వైర్లు.

బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాం. ఈ బళ్లలో చాలావాటికి బ్యాటరీ బోనెట్ కింద ఉండదు. సీటు కిందో, డిక్కీ అడుగునో ఉంటుంది. బోనెట్ కింద జంప్ స్టార్ట్ కోసం ఒక పాయింటు మాత్రం ఇస్తారు. కొలత అక్కడ కాదు, అసలు బ్యాటరీ దగ్గరే తీసుకోవాలి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే. 12.0కి దిగితే దాదాపు ఖాళీ. తర్వాత సెల్ఫ్ కొడుతూ చూడాలి. ఎంత పడినా 9.6 కంటే కిందికి పోకూడదు. డాక్టరమ్మ బండిలో 8.7కి పడింది. అంత కిందికి పోతే లోపలి కంట్రోల్ యూనిట్లు ఒక్కొక్కటీ ఆగి మళ్లీ లేస్తాయి. లేచిన ప్రతిదీ పక్కదాని కోసం చూస్తుంది, అది ఇంకా లేవలేదు కాబట్టి 'ఫలానా యూనిట్‌తో మాట కలవడం లేదు' అని కోడ్ రాసిపెడుతుంది. ఆ కోడ్ చూసి గేర్‌బాక్స్ యూనిట్ పోయిందని తేల్చారన్నమాట.

బ్యాటరీ ఐదేళ్లది, మార్చాం. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కొత్త బ్యాటరీతో కూడా సెల్ఫ్ బరువుగానే తిరుగుతోంది. అప్పుడు వోల్టేజ్ డ్రాప్, అంటే దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూశాం. ఇది కుర్రాళ్లు శ్రద్ధగా చూడాలి, ఇటు రండి.

మీటరు డీసీ వోల్టుల్లో పెట్టాలి. నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ సీసం ముక్క మీద పెట్టాలి. క్లాంపు మీద కాదు, సీసం మీద. ఎర్ర ప్రోబు ఇంజిన్ ఇనుము మీద, పెయింటు లేనిచోట గుచ్చాలి. ఒకరు సెల్ఫ్ కొట్టాలి. ఎర్త్ బాగుంటే మీటరు 0.2 వోల్టు లోపు చూపించాలి. 0.5 దాటితే ఎక్కడో కరెంటు ఇరుకున పడుతున్నట్టు. ఆ బండిలో 1.1 వచ్చింది. ఇక ఒక్కో అడుగూ వేసుకుంటూ పోవడమే. సీసం నుంచి క్లాంపుకి చూశాం, ఏమీ లేదు. క్లాంపు నుంచి బాడీకి చూశాం, ఏమీ లేదు. బాడీ నుంచి ఇంజిన్‌కి పెట్టగానే దాదాపు వోల్టు మొత్తం అక్కడే దొరికింది. ఆ రెండింటినీ కలిపేది ఇదిగో, ఈ పట్టీ. చేతిలోకి తీసుకుని చూడండి. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉంది. తిప్పండి. బోల్టు కూర్చునే కన్ను లోపల పచ్చగా చిలుము పట్టింది. జడలా అల్లిన తీగల్లో సగం లోపలే తెగిపోయాయి. కొత్త పట్టీ వేసి, బాడీ మీద ఆ చోటు మెరిసేదాకా ఎమరీ పేపరు కొట్టి, బిగించి, పైన గ్రీజు రాశాం. కోడ్లు చెరిపాక ఆ లైట్లు మళ్లీ వెలగలేదు. గేర్‌బాక్స్‌ని మేం ముట్టుకోలేదు.

ఒక మాట. ఇలాంటి చాలా బళ్లకు కొత్త బ్యాటరీ వేసిన సంగతి స్కానర్‌తో, అంటే యూనిట్లతో మాట్లాడే పరికరంతో, బండికి చెప్పాలి. చెప్పకపోతే పాతదానికి ఇచ్చినట్టే చార్జింగ్ ఇస్తుంది. ఏజీఎం బ్యాటరీ, అంటే లోపల గాజుపీచు పొరల్లో యాసిడ్ ఇంకి ఉండే రకం, ఉన్నచోట ఏజీఎం బ్యాటరీయే పెట్టాలి.

మరో తరహా కంప్లైంటు ఉంది. "మూడు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ డౌన్." ఇక్కడ వోల్టులు చూస్తే సరిపోదు, బండి నిద్రపోయాక ఎంత తాగుతోందో చూడాలి. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే పర్వాలేదు. అదే అర ఆంపియర్ పోతుంటే రోజుకి 12 ఆంపియర్ అవర్లు ఖర్చు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగం ఖాళీ అవుతుంది. కొలిచేటప్పుడు ఓపిక కావాలి. అన్ని తలుపులూ, బోనెట్ మూసి ఉన్నాయని బండి నమ్మాలి, అందుకని లాక్ గొళ్లేలను స్క్రూడ్రైవరుతో మూసిన పొజిషన్‌కి తిప్పి పెడతాం. తాళం దూరంగా పెట్టాలి, దగ్గరుంటే కొన్ని బళ్లు మాటిమాటికీ లేస్తాయి. నలభై నిమిషాలు ఆగాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూస్తారు. పీకి మళ్లీ పెట్టగానే ఆ యూనిట్ నిద్ర లేస్తుంది, లెక్కంతా చెడిపోతుంది. ఫ్యూజు పీకకండి. దాని నెత్తిన రెండు చిన్న చుక్కల్లా లోహం కనిపిస్తుంది, మీటరు మిల్లీవోల్టుల్లో పెట్టి ఆ రెండు చుక్కల మీద ప్రోబులు ఆనించండి. అంకె కదిలితే ఆ దారిలో కరెంటు పోతున్నట్టు. నా షెడ్డుకొచ్చిన బళ్లలో ఎక్కువసార్లు దొరికిన దొంగ కంపెనీ పార్టు కాదు. తర్వాత పెట్టించుకున్న ఆండ్రాయిడ్ స్క్రీను, డ్యాష్‌కామ్, జీపీఎస్ ట్రాకరు.

ఇక స్కానర్. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ బండి తన లోపాల్ని తనే కోడ్లుగా రాసుకునే ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి చేశారు, ఆ సాకెట్టే మన బళ్లలోనూ స్టీరింగ్ కింద కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న స్కానర్ చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతుంది. సస్పెన్షన్, బాడీ, గేర్‌బాక్స్ అన్నీ చదివేది కావాలి. కోడ్లు చెరిపేముందు ఫోటో తీయండి, ఆ కోడ్ ఏ స్పీడులో, ఏ వేడిలో పడిందో కూడా ఫోటో తీయండి. చెరిపాక ఆ సమాచారం మళ్లీ దొరకదు. పెట్రోలు బండిలో పీ0171 అనే కోడ్ పడిందనుకోండి. మిశ్రమంలో గాలి ఎక్కువైందని దాని అర్థం. వెంటనే ఆక్సిజన్ సెన్సారు మార్చేస్తారు. పాపం, ఆ సెన్సారు ఉన్న సంగతి చెప్పింది. ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉండే రబ్బరు గొట్టం మడతలో చీలిక పడి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంటే అదేం చేస్తుంది? ఆ గొట్టాన్ని చేత్తో వంచి చూడండి. పదేళ్ల రబ్బరు మన ఎండకి అప్పడంలా అయిపోయి ఉంటుంది.

యూనిట్ల మధ్య మాటలు నడిచే వైర్ల గురించి కుర్రాళ్లు అడుగుతుంటారు. ఒకప్పుడు ఒక్కో స్విచ్చుకి ఒక్కో వైరు. 1986లో బాష్ కంపెనీ క్యాన్ పద్ధతి బయటపెట్టాక రెండు వైర్ల మీదే యూనిట్లన్నీ మాట్లాడుకోవడం మొదలైంది. ఆ జతకి రెండు కొసల్లో 120 ఓములు చొప్పున ఉంటాయి కాబట్టి బ్యాటరీ తీసేసి ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక కొస తెగినట్టు. సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ ఎక్కడో ఒరుసుకున్నట్టు. కొన్ని బళ్లలో సాకెట్‌కీ ఆ వైర్లకీ మధ్యలో మాటలు అందించే గేట్‌వే అనే యూనిట్ అడ్డం ఉంటుంది, అక్కడ ఈ లెక్క పనిచేయదు, వైరింగ్ డయాగ్రమ్ తెచ్చుకోవాల్సిందే.

ఎలుకల గురించి కూడా చెప్పాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పెట్టిన బళ్లకి ఇది పెద్ద బెడద. ఇంజిన్ వేడికి చేరి వైరింగ్ కొరుకుతాయి. కొరికిన చోట టేపు చుట్టి వదిలేయొద్దు. సోల్డరింగ్ చేయించి, హీట్ ష్రింక్ స్లీవు తొడిగించండి. టేపు కింద తేమ చేరితే ఆర్నెల్లకి మళ్లీ చిలుమే.

ఇప్పుడు వేడి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో నలభై దాటుతుంది. ఏసీ వేసుకుని అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడితే ఇంజిన్‌కి అంతకంటే పెద్ద పరీక్ష ఉండదు. ఈ బళ్లలో కూలెంట్ ట్యాంకు, రేడియేటర్ కొసలు, థర్మోస్టాట్ ఇల్లు, కొన్నింట్లో వాటర్ పంపు రెక్కలు కూడా ప్లాస్టిక్కే. పదేళ్లు ఉడికిన ప్లాస్టిక్ ఒక రోజు చడీచప్పుడు లేకుండా విరుగుతుంది. చాలా బళ్లలో టెంపరేచర్ ముల్లుని నమ్మకూడదు. డ్రైవరు కంగారు పడకుండా ఉండాలని 80 నుంచి 110 దాకా దాన్ని మధ్యలోనే నిలబెడతారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం. చిన్న ఓబీడీ అడాప్టర్ పెట్టి ఫోన్లో అసలు అంకె చూసుకోండి. మామూలుగా 90 నుంచి 105 మధ్య ఉంటుంది. 115 దాటిందా, ఏసీ ఆపండి, హీటరు ఫుల్లు వేడి మీద పెట్టండి, కొంత వేడి లాగేస్తుంది, ఆ లోపు పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంటికి నాలుగు కిలోమీటర్లే కదా అని నడిపితే అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది. వేడిగా ఉండగా మూత మాత్రం తిప్పకండి. నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క మాత్రం లేదు అంటారు. చల్లటి ఇంజిన్ మీద చేతి పంపుతో మూత మీద రాసి ఉన్న ఒత్తిడి ఎక్కించి పావుగంట చూడాలి. పంపు మీటరు ముల్లు దిగిందంటే లీకు ఉన్నట్టే. టార్చి వేసి జాయింట్ల దగ్గర ఎండిపోయిన గులాబీ రంగు, తెల్ల రంగు చారలు వెతకండి. బోరు నీళ్లు పోయకండి, చేతులు జోడించి చెబుతున్నాను. మన బోరు నీళ్లకి గీజరు కాయిలే సున్నం పట్టి పోతోంది, రేడియేటర్ సందులెంత? దారిలో తప్పకపోతే వాటర్ బాటిల్ పోసుకుని షెడ్డుకి రండి, తర్వాత మొత్తం కడిగి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం పోయిద్దాం.

ఇక ఎయిర్ సస్పెన్షన్. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది. స్ప్రింగు స్థానంలో రబ్బరు సంచి ఉంటుంది, అందులో గాలి. ఆ గాలి నింపడానికి ఒక కంప్రెసరు, ఏ మూలకు ఎంత పంపాలో చూసే వాల్వ్ బ్లాక్, ఎత్తు చెప్పే సెన్సార్లు. రబ్బరు మడత పడేచోట వయసుకి సన్నని పగుళ్లు వస్తాయి. గాలి కొంచెం కొంచెం పోతుంది. పోయినప్పుడల్లా కంప్రెసరు నింపుతుంది. రోజుకి రెండు నిమిషాలు తిరగాల్సింది ఇరవై నిమిషాలు తిరిగి ఒక రోజు కాలిపోతుంది. స్కానర్‌లో 'కంప్రెసర్ ఫాల్ట్' అని వస్తుంది. కొత్తది వేస్తారు. లీకు అలాగే ఉంది కదా, కొత్తదీ అదే దారి పడుతుంది. ఒక పెద్దాయన రెండు కంప్రెసర్లు మార్పించి మూడోసారి నా దగ్గరకు వచ్చాడు. ముందువైపు కుడి చక్రం సంచికి సబ్బునీళ్లు కొడితే కింది మడతలో ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. ఆయన వంగి వాటినే చాలాసేపు చూశాడు, ఏమీ మాట్లాడలేదు. రిటైరైన మనిషి, పెన్షన్ డబ్బు.

ఈ పరీక్ష మీరు ఇంట్లోనే చేయొచ్చు. సమంగా ఉన్న నేల మీద బండి పెట్టి, చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకోండి. పొద్దున మళ్లీ కొలవండి. ఒక్క మూలే దిగితే ఆ సంచి లేదా దాని పైపు జాయింటు. ముందువైపు రెండు మూలలూ కలిసి దిగితే వాల్వ్ బ్లాక్ మీద అనుమానపడాలి. కొన్ని బళ్లు రాత్రిపూట వాటంతటవే లేచి, దిగిన మూలకి సమానంగా మిగతావాటినీ దించుకుంటాయి. పొద్దున చూస్తే నాలుగూ దిగి ఉంటాయి, దొంగ దొరకడు. అందుకే కొలిచే ముందు సస్పెన్షన్ ఫ్యూజు తీసేయాలి. గాలి నిలబడే ఉండి బండి ఒక పక్కకు ఒరిగితే సెన్సారు చిన్న చెయ్యి విరిగిందేమో చూడండి, అది చాలా చిన్న పని.

కుర్రాళ్లకి గట్టిగా చెబుతున్నాను. గాలి మీద నిలబడ్డ బండి కిందికి దూరొద్దు. చక్రం పైసందులో తల పెట్టొద్దు. సస్పెన్షన్ తనంతట తాను కదలకుండా ఆపే జాక్ మోడ్‌లో పెట్టి, స్టాండ్లు వేశాకే పని. రెండు టన్నులు పైబడిన బండి దిగడానికి ఒక్క క్షణం చాలు.

గేర్‌బాక్స్ ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని చెబితే నమ్మకండి. ఇలాంటి చాలా బళ్ల గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటోంది.

ఇక వాన. సన్‌రూఫ్ ఉన్న బండికి నాలుగు మూలల్లో నీళ్లు పోయే సన్నని గొట్టాలుంటాయి. వేప చెట్టు కింద పార్కింగ్ అంటే ఆకు రొట్ట అంతా వాటిలోకే. అవి మూసుకుంటే నీళ్లు పిల్లర్ల గుండా కార్పెట్ కిందికి చేరతాయి. కంట్రోల్ యూనిట్లు, వైరింగ్ జాయింట్లు చాలావరకు ఉండేది అక్కడే. పైన కార్పెట్ పొడిగానే ఉంటుంది, కింద స్పాంజి నిండా నీళ్లు. బండిలో ముక్కిన వాసన వస్తే, పొద్దున అద్దాలకి లోపలివైపు ఆవిరి పడితే కార్పెట్ ఎత్తి చూడండి. జూన్ రాకముందే సన్‌రూఫ్ మూలలో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి, చక్రం పక్కనుంచి కిందికి కారాలి. కారకపోతే గాలి ప్రెషర్ కొట్టొద్దు, లోపల గొట్టం జాయింటు ఊడిపోతుంది. సన్నని నైలాన్ తాడు మెల్లగా దూర్చండి చాలు.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా. బండి సెల్లార్‌లో మునిగితే ఏం చేయాలని అడుగుతున్నారు. 2020 అక్టోబర్ వరదలప్పుడు ఒక్కో సెల్లార్‌లో బళ్లన్నీ వరసగా మునిగి ఉండటం మనం చూశాం. ఆ బళ్లలో కొన్నింటి ఇంజిన్లు నీళ్లకి పోలేదు, నీళ్లు తీశాక 'ఒకసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం' అని సెల్ఫ్ కొట్టినందుకు పోయాయి. నీళ్లు గాలిలా నొక్కుకోవు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అందుకని బటన్ నొక్కకండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఫోటోలు తీయండి, ఇన్సూరెన్స్‌కి కావాలి. నీళ్లు పూర్తిగా తీశాక బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి. బండిని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ మీద షెడ్డుకి పంపండి. మేం ఎయిర్ ఫిల్టర్ తడిసిందో లేదో చూసి, ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు విప్పి, చేత్తో ఇంజిన్ తిప్పి చూశాకే సెల్ఫ్ సంగతి. మీ పాలసీలో ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

మాటలు చాలు, బయటికి పదండి. అక్కడ ఉన్న బూడిద రంగు బండికి నిన్న రాత్రి పదింటికి సస్పెన్షన్ ఫ్యూజు తీసి, నాలుగు మూలలా కొలిచి గోడ మీద చాక్‌పీసుతో రాసి పెట్టాం. ఎవరూ ముట్టుకోలేదు. టేపు ఎవరు పట్టుకుంటారు? రా తమ్ముడూ, ముందు ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టు, అంకె గట్టిగా చదువు.